నాయుడు ఏ ఏట లీగ్‌లోకి రావాలి?

కోటా రామస్వామి టెస్టు సగటు 56.66. సి.కె. నాయుడు టెస్టు సగటు 25. ఇద్దరూ తెలుగు కుటుంబాల వాళ్లే. ఒకరు మద్రాసులో, ఇంకొకరు నాగపూర్‌లో పెరిగారు. ఈ అంకెలను ఉన్నవున్నట్టు కంప్యూటర్‌కు అప్పజెప్పి, పాతకాలపు ఆటగాళ్లతో ఒక లీగ్ నడపమంటే అది రామస్వామిని ఎగబడి తీసుకుంటుంది, భారత తొలి టెస్టు కెప్టెన్ నాయుడిని బెంచీ మీద కూర్చోబెడుతుంది. క్రికెట్ చరిత్ర కాస్త తెలిసినవాళ్లెవరూ ఈ తీర్పును ఒప్పుకోరు. అలాగని అంకెల్లో అబద్ధమేమీ లేదు. అంకె నుంచి ఆటగాడిని తయారుచేసే పద్ధతిలోనే ఉంది తిరకాసు. ఆ పద్ధతిని డెబ్బై ఏళ్లకు పైగా అరగదీసి నునుపు చేసినవాళ్లు అమెరికాలో బేస్‌బాల్ సిమ్యులేషన్ ఆటలు తయారుచేసినవాళ్లు. కాలక్షేపం సరుకుగా చూసి వదిలేస్తాం గానీ, చరిత్ర రాసేవాళ్లు కూడా వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఉంది.

1951లో ‘అప్బా’, 1961లో ‘స్ట్రాట్-ఓ-మ్యాటిక్’ అట్టముక్కలు, పాచికలతో మొదలయ్యాయి. ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. పాచికలు వేస్తే పడిన అంకెను బట్టి అతను బంతిని కొట్టాడో, ఔటయ్యాడో కార్డే చెబుతుంది. ఏడాది పొడవునా ఆడిస్తే అతని అసలు రికార్డుకు దగ్గరగా ఫలితం రావాలి; కార్డు తయారీలో ఉన్న గుట్టంతా అదే. కంప్యూటర్లు వచ్చాక, 1871 నుంచి బేస్‌బాల్ పెద్ద లీగ్‌లలో ఆడిన ప్రతి ఆటగాడి లెక్కలనూ షాన్ లామన్ అనే ఆయన ఒకచోట చేర్చి ఉచితంగా అందుబాటులో పెట్టాక, పని మలుపు తిరిగింది. ‘అవుట్ ఆఫ్ ది పార్క్’ లాంటి ఆటలో లీగ్‌ను ఫలానా సంవత్సరంలో మొదలుపెడితే, ఆ తర్వాత ఏటా నిజంగా ఆ ఏడు అరంగేట్రం చేసినవాళ్లు కొత్తవాళ్లుగా డ్రాఫ్ట్‌లోకి వస్తారు. చరిత్రలో ఆడిన జట్టే తీసుకోవాలని లేదు, ఎవరి వంతు వస్తే వాళ్లు పట్టుకుపోతారు. అరంగేట్రాల వరుసను కలగాపులగం చేసే ఏర్పాటు కూడా ఉంది. అప్పుడు 1914 నాటి బేబ్ రూత్ 1990ల కుర్రాడి పక్కన వచ్చి నిలబడతాడు. వచ్చాక అతని సత్తాను ఏటా అసలు రికార్డును బట్టి మార్చవచ్చు, లేదా మొదట ఒక అంచనా వేసి ఆపై ఎదుగుదలనూ వయసునూ ఆటకే వదిలేయవచ్చు. మొదటి దారిలో చరిత్ర మళ్లీ చూసిన సినిమాలా నడుస్తుంది. నా మొగ్గు రెండోదానికే.

అయితే ఆ మొదటి అంచనా వేయడమే కష్టమైన పని. 1930లో అమెరికా బేస్‌బాల్‌లోని నేషనల్ లీగ్ మొత్తం బ్యాటింగ్ సగటు (ప్రయత్నాల్లో హిట్‌ల వాటా) 0.303. 1968లో అమెరికన్ లీగ్‌లో అందరికన్నా పైన నిలిచిన కార్ల్ యస్ట్రెమ్‌స్కీ సగటు 0.301. అంటే ఒక కాలంలో మామూలు ఆటగాడి అంకె, ఇంకో కాలంలో ఛాంపియన్‌కు కూడా అందలేదు. 1968లో బౌలర్ల జోరు ఎంతగా సాగిందంటే, మరుసటి ఏడు వాళ్లు నిలబడి విసిరే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి దించారు. అందుకే మంచి సిమ్యులేషన్ ఆటగాడి సగటును నేరుగా తీసుకోదు, ఆ ఏడు తోటివాళ్లకన్నా ఎంత మెరుగో చూస్తుంది. రెండో జాగ్రత్త, సాక్ష్యం ఎంత ఉందో తూచడం. రామస్వామి ఆడింది రెండు టెస్టులు, 170 పరుగులు, ఔటయింది మూడంటే మూడుసార్లు. ఇంకో ఇన్నింగ్స్‌లో సున్నాకే వెనుదిరిగి ఉంటే 56.66 కాస్తా 42.50 అయ్యేది. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ మొత్తం చూస్తే ఆయన సగటు 29 లోపే. నాయుడు ఫస్ట్‌క్లాస్‌లో 11,825 పరుగులు చేశారు, సగటు 35.94, వాటికి తోడు 411 వికెట్లు. మూడు ఔట్ల సాక్ష్యాన్ని మూడువందల పైచిలుకు ఔట్ల సాక్ష్యంతో సమానంగా తూచకూడదన్న ఒక్క నియమంతో ఇద్దరి స్థానాలూ తారుమారవుతాయి.

ఇక అసలు చిక్కు ప్రవేశం. తొలి టెస్టు తేదీనే తలుపుగా పెట్టుకుంటే నాయుడు 1932లో, 36 ఏళ్ల వయసులో లీగ్‌లోకి వస్తారు. వయసు లెక్క చూసి ఏ జట్టూ తీసుకోదు, తీసుకున్నా రెండేళ్లలో ఆట ఆయన్ని రిటైర్ చేయిస్తుంది. కానీ ఆయన ఫస్ట్‌క్లాస్ ఆట 1916లోనే మొదలైంది. 1926 డిసెంబర్‌లో బొంబాయి జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద రెండు గంటల లోపే 11 సిక్సర్లతో 153 కొట్టినప్పుడు భారత్ ఇంకా ఒక్క టెస్టు కూడా ఆడలేదు. తలుపు మూసి ఉన్నది ఆయన ఆట వల్ల కాదు. బేస్‌బాల్‌లోనూ ఇదే కథ, ఇంకా చేదుగా. నల్లజాతి ఆటగాళ్లను 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా దశాబ్దాల పాటు పెద్ద లీగ్‌లు రానివ్వలేదు. శాచెల్ పేజ్ అనే గొప్ప బౌలర్ అక్కడ అడుగుపెట్టేసరికి ఆయనకు 42 ఏళ్లు. తర్వాత పరిశోధకులు పాత పత్రికల స్కోర్లు తవ్వి తీశారు; 2020లో నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగ్‌లను పెద్ద లీగ్‌లుగా గుర్తించారు, 2024లో లెక్కలు కలిపారు. దాంతో మొత్తం కెరీర్ బ్యాటింగ్ సగటులో టై కాబ్ 0.367ను దాటి, నీగ్రో లీగ్‌లలో ఆడిన జాష్ గిబ్సన్ 0.372తో మొదటి స్థానానికి చేరాడు. కాబట్టి నాయుడికీ ప్రవేశ సంవత్సరం 1916 కావాలి. అరవై దాటాక కూడా 1956-57 సీజన్‌లో రంజీ ఆడిన మనిషిని ఏ వయసు సూత్రంలో ఇరికించాలన్నది వేరే తలనొప్పి!

ఇదంతా ఊహే కదా అని ఒక అభ్యంతరం. ఊహే, కానీ కొలతలున్న ఊహ. నాయుడు గొప్పా, ఇప్పటివాళ్లు గొప్పా అని రచ్చబండ మీద తేల్చేవాళ్లు కూడా ఊహిస్తూనే ఉంటారు, కొలతలు మాత్రం బయటపెట్టరు. ఇక్కడ తూకం నచ్చకపోతే మార్చి మళ్లీ ఆడించుకోవచ్చు. లీగ్‌ను ఒకసారి కాక వందసార్లు నడిపితే అంచనా ఎంత గట్టిదో, ఎంత వదులో కూడా తెలుస్తుంది. క్రికెట్‌కు బేస్‌బాల్ పద్ధతి నప్పదనే వాదనలో బలం ఎక్కువ. ఆ రోజుల్లో వానకు తడిసిన పిచ్ మీదే ఆడేవారు; ఒక్క పూటలో ఆట స్వభావమే మారిపోయేది. నాయుడు ఆడిన ఏడు టెస్టులూ ఇంగ్లండ్ మీదే, పోల్చడానికి మరో ప్రత్యర్థి లేదు. దీనికి జవాబు పద్ధతిని వదిలేయడం కాదు, అంచనా చుట్టూ గీసే గీతను వెడల్పు చేయడం. రామస్వామి ఘనత తగ్గించినట్టు కాదా అంటే, కాదు. నలభై ఏళ్ల వయసులో టెస్టుల్లోకి రావడం, అంతకుముందే 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడి ఉండడం ఏ సగటుకూ అందే విషయాలు కావు.

ఏ సూత్రమూ దాటలేని గోడ ఒకటుంది. స్కోరు పుస్తకంలో లేనివాడు లీగ్‌లోకి రాడు. నాయుడి 153కు నిమిషాలు, సిక్సర్లు రాసిపెట్టారు కనుకనే ఆయన వేగాన్ని ఈరోజు ఎంతో కొంత లెక్కగట్టగలం. స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఊళ్లలో జరిగే టోర్నమెంట్లకు ఫ్లెక్సీలు, కప్పులు, ముఖ్య అతిథులు అన్నీ ఉంటాయి. వాటి స్కోరు పుస్తకం ఫైనల్ ముగిసిన మరునాటికి ఎవరింట్లో ఉంటుందన్నది, అక్కడి కుర్రాడు యాభై ఏళ్ల తర్వాత ఎవరి లీగ్‌లోనైనా అడుగుపెట్టగలడా లేదా అన్నది తేలుస్తుంది.