తమ్ముడి బ్రేకులు అన్నకు

స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు నలుగురు చేరితే మాటలన్నీ ఇంజిను చుట్టూనే తిరుగుతాయి. బ్రేకుల ఊసు ఎవరికీ పట్టదు. బ్రిటన్‌లో ఇంటి పక్క గ్యారేజీలో తామే పానా పట్టుకునేవాళ్ల తీరు మాత్రం వేరు. 1958లో వచ్చిన ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. 1962లో ఇంకొంచెం పెద్ద ఇంజినుతో వచ్చిన స్ప్రైట్‌కు ముందు చక్రాలకు డిస్కులు పెట్టారు. అది చూశాక పాత స్ప్రైట్ యజమానులు ఊరుకుంటారా? తుక్కుకు పోయిన కొత్త బండిలోంచి ముందు బ్రేకుల సరంజామా ఊడదీసి తమ కారుకు బిగించుకున్నారు. మామూలు ఇళ్లలో అన్న చొక్కా తమ్ముడికి వస్తుంది, ఇక్కడ తమ్ముడిది అన్నకు వెళ్తుంది.

జాన్ హేన్స్ పేరుతో వచ్చే రిపేరు పుస్తకాలకు మూలం కూడా ఈ స్ప్రైటే. బ్రిటిష్ వైమానిక దళంలో ఏడెన్‌లో పనిచేస్తున్నప్పుడు ఆయన ఓ మిత్రుడి స్ప్రైట్‌ను విప్పి మళ్లీ కట్టడంలో సాయపడ్డాడు. కంపెనీ ఇచ్చిన పుస్తకం మామూలు మనిషికి అక్కరకు రాదని అక్కడే తేలింది. విప్పుతున్న కొద్దీ ఫొటోలు తీసి, 1966లో ఆ వరసలో మొదటి పుస్తకం వేశాడు.

తమ్ముడి బ్రేకులు అన్నకు బిగించే సంప్రదాయాన్ని తర్వాత తలకెత్తుకున్న కారు మాజ్దా మియాటా. 1989 షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చింది. రెండే సీట్లు, తేలికైన ఒళ్లు, 1.6 లీటర్ల ఇంజిను. ముందు డిస్కులు 235 మిల్లీమీటర్లు, వెనకవి 231. 1994 మోడల్‌కు 1.8 ఇంజిను పెడుతూ డిస్కుల్ని 255, 251కి పెంచారు. పాత కారుకు ఈ బ్రేకులు బోల్టుకు బోల్టు సరిపోతాయి, 14 అంగుళాల చక్రంలోనే ఇమిడిపోతాయి. ఆ తర్వాతి స్పోర్ట్ మోడల్ బ్రేకులు ఇంకా పెద్దవి, 270, 276. వాటికి మాత్రం 15 అంగుళాల చక్రాలు కావాలి.

ఇరవై మిల్లీమీటర్లకే ఇంత హడావుడా అనిపించొచ్చు. నన్నడిగితే ఇందులో తెలివంతా ఆ ఇరవైలోనే ఉంది. ముందూ వెనకా డిస్కులు ఇంచుమించు ఒకే పాళ్లలో పెరిగాయి, కాబట్టి రెంటి మధ్య పొత్తు చెడలేదు. డిస్కును అదిమి పట్టే ఎర్ర రంగు కాలిపర్లతో పెద్ద కిట్టు కొని ముందు చక్రాలకే తగిలించేవాళ్లున్నారు. చూడ్డానికి బాగుంటుంది. ముందు చక్రాలు తొందరగా పట్టేస్తాయి, వెనకవి ఉత్తపుణ్యానికి తిరుగుతుంటాయి. ఖర్చు పెట్టి కారును ఇంకాస్త దూరం వెళ్లి ఆగేలా చేసుకోవడమే ఇది. వెనక బ్రేకులు మరీ బలంగా ఉంటే మరో ప్రమాదం, కారు గిర్రున తిరిగిపోతుంది.

ఇంకో భ్రమ కూడా వదిలించుకోవాలి. పెద్ద బ్రేకులు పెడితే కారు తక్కువ దూరంలో ఆగదు. బాగున్న మామూలు బ్రేకు కూడా ఒక్కసారి గట్టిగా తొక్కితే చక్రాన్ని బిగబట్టేస్తుంది. ఆ తర్వాత భారమంతా టైరు పట్టుదే. పెద్ద డిస్కు పని పదోసారి తొక్కినప్పుడు తెలుస్తుంది. మనిషితో కలిపి టన్ను బరువున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగాలంటే దాదాపు 386 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. పోయేది వేడిగానే, అదీ చాలావరకు డిస్కుల్లోకే. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలు. రేసు ట్రాకు మీద మలుపు మలుపుకీ ఇదే వరస. తిరుమల ఘాటు దిగేటప్పుడు ముందు బండి నుంచి మాడు వాసన తగిలినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

వేడికి ముందు చేతులెత్తేసేవి ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్. ఆయిల్ అంటాం గానీ ఇది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 4 రకం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. అందుకే డిస్కులు కొనే ముందు కొత్త ఆయిల్ పోసి మంచి ప్యాడ్లు వేసి చూడమంటాను. రోడ్డు మీద తిరిగే కార్లలో చాలావాటికి అంతకుమించి అవసరం రాదు.

అయినా మియాటా బ్రేకులు మార్చాలనే అనుకుంటే, కారును జాకీ మీద వదిలేసి కిందికి దూరకూడదు, స్టాండ్ల మీద నిలపాలి. విప్పిన కాలిపర్‌ను హోస్‌కు వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకు కట్టాలి. ముందు చక్రాల పిస్టన్‌ను క్లాంపుతో వెనక్కి నొక్కేయొచ్చు. వెనక కాలిపర్‌తో అలా మొరటుగా పెట్టుకుంటే పాడైపోతుంది, ఎందుకంటే హ్యాండ్‌బ్రేక్ యంత్రాంగం దానిలోపలే ఉంది. దాని వెనక చిన్న బోల్టు తీస్తే లోపల అలెన్ కీ పట్టే గాడి కనిపిస్తుంది. 4 మిల్లీమీటర్ల కీ పెట్టి ఎడమకు తిప్పితే పిస్టన్ లోపలికి వెళ్తుంది. కొత్త ప్యాడ్లు వేశాక కుడికి తిప్పుతూ అవి డిస్కును తాకేదాకా తెచ్చి, అక్కణ్నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి. ఈ సర్దుబాటు సంగతే మరిచిపోయి, హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదని కేబుల్‌ను బిగించుకుంటూ పోయేవాళ్లు ఎందరో!

బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి ఇద్దరుండాలి. లోపలివాళ్లు పెడల్ కొట్టి పట్టుకుంటారు, కింద ఉన్నవాళ్లు కాలిపర్ మీది నిప్పిల్ వదులు చేసి, బుడగలతో ద్రవం వచ్చాక బిగించి, అప్పుడే “వదులు” అనాలి. మాట ముందే వచ్చిందా, గాలి మళ్లీ లోపలికి పోతుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ద్రవం అడుగంటకుండా చూసుకుంటూ ఉండాలి. అది రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగెయ్యాలి.

కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కి చూడాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద మధ్యరకం వేగం నుంచి, పూర్తిగా ఆపకుండా, బాగా నెమ్మదించేదాకా పదే పదే తొక్కితే ప్యాడు పదార్థం డిస్కంతటా సమంగా పరుచుకుంటుంది. వేడెక్కిన డిస్కు మీద ప్యాడును బిగించి నిలిపితే ఆ ఒక్కచోటే మచ్చ పడి, ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా వణుకు పుడుతుంది. కాబట్టి ఇంటికొచ్చి కారు ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో వదిలేస్తారు.