పొరుగు ప్రావిన్సు వేటగాడికి రాసిన చట్టం

కెనడాలో పసిఫిక్ తీరాన ఉన్న ప్రావిన్సు బ్రిటిష్ కొలంబియా. దాని తూర్పు పొరుగు అల్బర్టా. అల్బర్టాలో పుట్టి, చిన్నప్పటి నుంచీ అక్కడి అడవుల్లో జింకల వేటకు తిరిగిన మనిషి రాకీ పర్వతాల కనుమ దాటి పడమటికి వస్తే, అదే దేశపు పౌరుడైనా, వేట విషయంలో బయటివాడే. తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, వేట లైసెన్సు మాత్రం చెల్లదు. ఈ తేడాను కట్టుదిట్టం చేయడానికి బ్రిటిష్ కొలంబియా వాళ్లు రాసుకున్న నిబంధనలను ఓపిగ్గా చదివితే, మంచి పనివాడు ఒక్కో భాగాన్ని చెక్కి బిగించిన యంత్రం విప్పి చూసినట్టు ఉంటుంది.

వేట లైసెన్సు అనేదే మన పాఠకులకు కొత్తగా ఉండొచ్చు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట్లో వేట లైసెన్సులకు చోటుండేది. 1991 సవరణ దాన్ని తీసేసింది. కెనడా వేరే దారి పట్టింది: వేటను ఉంచి, దాని చుట్టూ లెక్కను కట్టింది.

పునాది 1867 నాటి రాజ్యాంగ చట్టంలో ఉంది. ప్రభుత్వ భూములనూ, ఆస్తి హక్కులనూ అది ప్రావిన్సుల చేతికిచ్చింది. ఆ ఆధారం మీద బ్రిటిష్ కొలంబియా వన్యప్రాణి చట్టం తమ నేల మీద తిరిగే అడవి జంతువులన్నీ ప్రావిన్సు ప్రభుత్వ సొత్తు అని మొదట్లోనే చెప్పేస్తుంది. చట్టప్రకారం వేటాడి, నియమాలన్నీ పాటించినవాడికే ఆ జంతువు సొంతమవుతుంది. మిగతా నిబంధనలన్నీ ఈ ఒక్క మాట మీద నిలబడ్డవే. సొత్తు ఉమ్మడిదైనప్పుడు దాన్ని ఎవరు, ఎంత, ఏ వరుసలో తీసుకోవాలన్న ప్రశ్న తప్పదు.

అందుకే చట్టం ముందుగా స్థానికుడెవరో తేలుస్తుంది. కెనడా పౌరుడో, శాశ్వత నివాస హోదా ఉన్నవాడో అయి, ప్రధాన నివాసం బ్రిటిష్ కొలంబియాలో ఉండాలి. గడిచిన పన్నెండు నెలల్లో ఆరు నెలలు, ఒక్కో నెలలో ఎక్కువ రోజులు, ఒంటితో అక్కడ ఉండి ఉండాలి. ఇల్లు కొన్నంత మాత్రాన, చిరునామా మార్చినంత మాత్రాన కుదరదు. ఆ రెండు హోదాలూ లేనివాళ్లకు ఈ గడువు పూర్తి పన్నెండు నెలలు. శాశ్వత నివాస హోదాతో ఎడ్మంటన్ నుంచి సర్రేకి మారిన తెలుగు కుటుంబం ఆరు నెలలు నిజంగా అక్కడ కాపురముంటే, తాత ముత్తాతల నుంచీ అక్కడే ఉన్నవాళ్లతో ఈ విషయంలో సమానం. పుట్టుకతో నిమిత్తం లేకుండా కాపురాన్నే కొలతగా పెట్టుకోవడం నాకు బాగా నచ్చింది. ఆదివాసీ జాతులకు తమ సంప్రదాయ భూముల్లో ఉన్న వేట హక్కు ఈ లెక్కలోకి రాదు. దానికి 1982 రాజ్యాంగ చట్టం 35వ సెక్షన్ రక్షణ ఉంది.

ఇప్పుడు అల్బర్టా మనిషి సంగతి. తుపాకీ సమాఖ్య ప్రభుత్వ విషయం. 1995 నాటి ఆయుధాల చట్టం కింద ఇచ్చే లైసెన్సు దేశమంతటా నడుస్తుంది. వలస పక్షులూ సమాఖ్య విషయమే. బాతులకూ హంసబాతులకూ సరిహద్దులు ఉండవు కనుక 1916లో అమెరికాతో ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడే చట్టం వచ్చింది. వాటిని వేటాడాలంటే దేశమంతటికీ ఒకే అనుమతిపత్రం, దాని మీద ఆవాస సంరక్షణ స్టాంపు. 1985 నుంచి అమ్ముతున్న ఆ స్టాంపు డబ్బు పక్షుల ఆవాసాల రక్షణకు వెళుతుంది. కొట్టిన పక్షిని ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఈకలు తీయని రెక్క ఒకటో, తలో దాని ఒంటికి అలాగే ఉంచాలి. దారిలో ఆపిన అధికారి అది ఏ జాతి పక్షో ఆ రెక్కను చూసి చెప్పగలగాలి.

పెద్ద జంతువుల దగ్గరికి వస్తే ప్రావిన్సు యంత్రం కదులుతుంది. మొదట వేటగాడికి ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. అందుకోసం వేట భద్రత శిక్షణ పొందినట్టు రుజువు చూపాలి. ఆ సంఖ్య మీద మూల లైసెన్సు, ఆపైన ఏ జంతువుకు ఆ జంతువు లైసెన్సు. మూస్‌కు వేరు, ఎల్క్‌కు వేరు, కొండగొర్రెకు వేరు. మొదటిది వేటాడే అర్హతకు, రెండోది ఆ ఒక్క జంతువుకు. జంతువు పడిన వెంటనే రెండోదాన్ని రద్దు చేయాలి, కాబట్టి అదే కాగితంతో మరో జంతువును కొట్టే వీలుండదు.

ఎక్కడ కొట్టాలన్నదానికి ప్రావిన్సును ముందు ప్రాంతాలుగా, ఆ ప్రాంతాలను యూనిట్లుగా విభజించారు. 7-42 అని రాసి ఉంటే ఏడో ప్రాంతంలో నలభై రెండో యూనిట్. సీజను, కోటా, ఏ వయసు జంతువు అన్నవి యూనిట్ యూనిట్‌కూ మారతాయి. ఒక లోయలో తెరిచిన సీజను పక్క లోయలో మూసి ఉండొచ్చు.

ఇంతదాకా ఉన్నవి స్థానికులకూ వర్తిస్తాయి. పై ప్రావిన్సు మనిషి కోసం ప్రత్యేకంగా బిగించిన మేకు చట్టం 47వ సెక్షన్‌లో ఉంది. అతడు పెద్ద జంతువును ఒంటరిగా వేటాడకూడదు. వెంట లైసెన్సున్న గైడ్ అవుట్‌ఫిటరో, ఆయన సహాయక గైడో ఉండాలి. లేదంటే, తోడు వెళ్లేందుకు ప్రత్యేక అనుమతి తీసుకున్న స్థానికుడు ఉండాలి.

మొదట చూస్తే ఇది గైడ్ల వ్యాపారం కోసం పెట్టినట్టే ఉంటుంది, అందులో కొంత నిజముంది కూడా. కానీ గైడ్ అంటే ఇక్కడ దారి చూపే కూలీ కాదు. పటం మీద గీతలు గీసి హద్దులు పెట్టిన ఒక ప్రాంతంలో గైడింగ్ హక్కు ఆయనొక్కడిదే. ఏ జాతి జంతువులు ఎన్ని తీయొచ్చో ఆయన లైసెన్సు మీద కోటా రాసి ఉంటుంది. అతిథి ఈ ఏడు వచ్చి వెళ్లిపోతాడు. గైడ్ వచ్చే ఏడూ, ఆ తరువాతి ఏడూ అదే కొండల్లో బతకాలి. ఈ ఏడు కుర్ర పొట్టేళ్లను కొట్టనిస్తే మరో అయిదేళ్లకు చూపించడానికి ముదురు పొట్టేలు మిగలదు. పోయేవాడి చేతిని ఉండేవాడి ప్రయోజనానికి ముడివేయడం: ఈ నిబంధనలన్నిటిలో అసలైన పనితనం ఇదేనని నా అభిప్రాయం.

పంపకం వరుస కూడా స్పష్టంగా ఉంది. మొదట జాతి సంరక్షణకు ఎన్ని ప్రాణాలు మిగలాలో చూస్తారు, తరువాత ఆదివాసీల హక్కులు, ఆ తరువాత స్థానికులు, చివరన బయటివాళ్లు. జంతువులు తక్కువగా ఉన్నచోట స్థానికులకు లాటరీ తీస్తారు. నిరుడు చీటీ దక్కినవాళ్లకు కొన్ని జాతుల విషయంలో ఈ ఏడు అవకాశం తగ్గుతుంది. బయటి మనిషికి ఆ లాటరీలో చీటీ వేసే వీల్లేదు. అతడి వాటా గైడ్ కోటా లోపలే.

ఇక ప్రావిన్సు ఉత్తరాన మస్క్వా-కెచికా అనే కొండల సీమ, స్టోన్ కొండగొర్రెలకు పెట్టింది పేరు. ఆ జాతిలో ఏ పొట్టేలును కొట్టొచ్చో చెప్పే వాక్యం చట్టం మొత్తంలో నాకు అన్నిటికంటే సొంపుగా కనిపించింది. తలను సరిగ్గా పక్క నుంచి, పుర్రె నడిగీతకు లంబకోణంలో చూసినప్పుడు, కొమ్ము కొన నుదుటినీ ముక్కు దూలాన్నీ కలిపే గీతను దాటి పైకి రావాలి. లేదా కొమ్ము మీది నిజమైన వార్షిక వలయాలను బట్టి దానికి ఎనిమిదేళ్లు నిండి ఉండాలి.

జింక కొమ్ములు ఏటా రాలిపోతాయి. గొర్రె కొమ్ము రాలదు, బతికినన్నాళ్లూ మొదలు దగ్గర పెరుగుతూనే ఉంటుంది. చలికాలంలో ఎదుగుదల మందగించి ఒక గీత పడుతుంది. ఆ గీతలను లెక్కపెడితే వయసు తెలుస్తుంది. ఉత్త గీతలూ కొన్ని ఉంటాయి కనుకే నిజమైనవి అన్న మాట అక్కడ పెట్టారు. కొన్ని పొట్టేళ్ల కొమ్ముల కొనలు అరిగీ విరిగీ పోతాయి. అలాంటి ముసలి పొట్టేలు కొమ్ము కొన నుదుటి-ముక్కు గీతను దాటదు, కాబట్టి మొదటి కొలతకు అందదు. రెండో కొలత దాన్ని పట్టుకుంటుంది. ఇదంతా వేటగాడు వందల గజాల దూరం నుంచి, రాళ్ల మధ్య బోర్లా పడుకుని దుర్భిణిలో చూసి తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోతే ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. ఎదురుచూసిన పొట్టేలు తిరిగి పక్క చూపేదాకా ఆగాల్సిందే. చట్టం అడిగేది అంత ఓపిక.

కొట్టాక తలను తప్పనిసరిగా తనిఖీకి తీసుకెళ్లాలి. అక్కడ జీవశాస్త్ర సిబ్బందో, వారు నియమించినవారో వయసు లెక్కగట్టి, కొమ్ముకు రంధ్రం చేసి అంకె ఉన్న లోహపు బిళ్ల బిగిస్తారు. ఆ బిళ్ల ఉన్న తల ఎక్కడ తేలినా దాని చరిత్ర తెలుస్తుంది. మాంసం సంగతీ వదల్లేదు: నాలుగు కాళ్ల భాగాలు, నడుం మాంసం అడవిలో పారేసి కొమ్ములు మాత్రం ఎత్తుకుపోవడం నేరం.

అల్బర్టాకు తిరుగు ప్రయాణంలో ఇంకో చట్టం కాపలా ఉంటుంది. ఒక ప్రావిన్సు నియమాలకు విరుద్ధంగా కొట్టిన జంతువును మరో ప్రావిన్సుకు తీసుకెళ్లడం 1992 నాటి సమాఖ్య చట్టం కింద నేరం. ఎదురు దిశలోనూ అడ్డుంది. అల్బర్టాలో, సస్కాచెవాన్‌లో జింక జాతులకు సోకే ప్రాణాంతక మెదడు వ్యాధి ఉంది కనుక అక్కడ కొట్టిన జింకను కోయకుండా మొత్తంగా బ్రిటిష్ కొలంబియాలోకి తీసుకురానివ్వరు. మెదడు, వెన్నుపాము లాంటి భాగాలు తీసేశాకే అనుమతి. అయినా 2024 ఆరంభంలో కూట్నే ప్రాంతంలో ఆ వ్యాధి బయటపడింది. దాంతో అక్కడ పరీక్షకు తలలు ఇవ్వడం తప్పనిసరి చేశారు.

కెనడాలో ఉన్న మనవాళ్లలో ఎవరికైనా పక్క ప్రావిన్సులో వేటకు రమ్మని స్నేహితుల పిలుపు వస్తే, ప్రభుత్వం ప్రచురించే వేట నిబంధనల సారాంశ పుస్తకాన్ని ముందే తెచ్చుకుని, వెళ్లబోయే యూనిట్ పుట మొత్తం చదవండి. అది సారాంశమే, చట్టం కాదని ఆ పుస్తకమే చెబుతుంది కాబట్టి, అనుమానం మిగిలితే బయలుదేరకముందే ఆ ప్రాంత కార్యాలయానికి ఫోన్ చేసి అడగండి.