తీరని ముయ్యి

మన ఇళ్లలో పెద్దలు చెప్పే వలసకథ ఒకటుంది. ఆడపిల్ల అందం మీద పాలకుడి కన్ను పడటం, రాత్రికి రాత్రి బంధువులంతా కట్టుబట్టలతో బయలుదేరటం, వెనక సైన్యం, ముందు నిండుగా పారే ఏరు, ఏదో మహిమ వల్ల దాన్ని దాటి దక్షిణాదికి రావటం. పేర్లు మారతాయేగాని కథ అదే. దీన్ని తమిళ సాహిత్యంలోకి తెచ్చిన నవల కి. రాజనారాయణన్ రాసిన 'గోపల్ల గ్రామం' (1976). ఆ నవల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనవాళ్లు చెన్నాదేవి అందం గురించీ, చెట్టు వంగి ఏరు దాటించిన వైనం గురించీ మురిపెంగా చెప్పి, అక్కడితో ఆపేస్తారు. నవల ప్రాణం ఏరు దాటిన తరువాత మొదలైన సేద్యంలో ఉందని నా అభిప్రాయం.

కి.రా. (1923–2021) కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టారు. ఇంట్లో తెలుగు, రాతలో తమిళం. చాలాకాలం ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటూ గడిపారు. రైతు ఉద్యమాల్లో పాల్గొని జైలుకు కూడా వెళ్లారు. ఆ ప్రాంతాన్ని తమిళంలో 'కరిసల్' అంటారు. అంటే నల్లరేగడి. వాన పడితేనే పంట. ఆ నేల మీది మాటలకు ఆయన ఒక నిఘంటువే కూర్చారు. 'గోపల్ల గ్రామం'కు కొనసాగింపుగా వచ్చిన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

నవలలో వలస వచ్చినవాళ్లు అడవికి నిప్పు పెట్టి, కాలిన చోట నేల బాగుచేసి, ఊరు కట్టుకుంటారు. అక్కడినుంచి కథ నడక మారుతుంది. మహిమలు తగ్గి పనులు పెరుగుతాయి. మిడతల దండు పైరు మీద పడుతుంది. దివిటీ దొంగలు ఊరి మీద పడతారు. ఎవరి చేను వాళ్లు, ఎవరి గడప వాళ్లు కాచుకుంటే సరిపోయే ఆపదలు కావవి.

మా హోసూరు వైపు దీనికి 'ముయ్యి' అని ఒక మాట ఉంది. ఈరోజు నీ చేలో నేను కలుపు తీస్తే, రేపు నా చేలో నువ్వు తీయాలి. డబ్బు ప్రసక్తి లేదు గాని లెక్క మాత్రం ఉంటుంది. కన్నడిగులూ ముయ్యి అనే అంటారు. కొన్ని చోట్ల బదులు పని అంటారు. పట్నంలో స్నేహానికి మాట కలిస్తే చాలు. తన తిండి తాను పండించుకునేవాడి సంగతి వేరు. పదును ఆరకముందే విత్తనం పడాలి. ఒక ఇంటి ఎద్దులు, ఒక ఇంటి చేతులు అందుకు చాలవు. నచ్చినా నచ్చకపోయినా పక్క గట్టువాడు కావలసిందే. కి.రా. ఈ చెలిమిని ఎక్కడా పొగడరు. ఆయన మనుషులు ఒకరికొకరు మారుపేర్లు పెట్టుకుంటారు, ఎగతాళి చేసుకుంటారు, అవసరం వచ్చినప్పుడు పలుగూ పారా పట్టుకుని వస్తారు. అందువల్లే ఆ చెలిమిని నమ్మగలం.

నవల మొదట్లోనే ఒక నిండు చూలాలిని నగలకోసం ఒక దొంగ నీళ్లలో ముంచి చంపుతాడు. ఆమె ఊరిది కాదు, దారిన పోయే మనిషి. అయినా ఊరంతా ఆ చావును తన ఇంటి చావుగా తీసుకుంటుంది. తామూ ఒకనాడు దిక్కులేక నడిచి వచ్చినవాళ్లమేనన్న ఎరుక దీని వెనక ఉందనిపిస్తుంది.

అయితే ఒక లోపం చెప్పక తప్పదు. ఈ ఊరి కథ చాలావరకు కోట్టైయార్ వారి పెద్ద ఇంటి అరుగు మీదినుంచి కనిపించే కథ. కాలిన ఆ అడవి అంతకు ముందు ఎవరికి ఆధారంగా ఉండేదన్న ప్రశ్న మీద నవల ఎక్కువసేపు నిలవదు. భూమి ఉన్నవాడికి ముయ్యి ఉంటుంది. లేనివాడికి కూలి మాత్రమే.

ఈ లోటును ఆయనే మరోచోట పూడ్చారు. 'కిడై' అనే పెద్దకథ పేరుకు 'మంద' అని అర్థం. రైతు చేలో మంద నిలిపితే నేలకు ఎరువు, కాపరికి గింజలు. ఇదీ ఒక ముయ్యే. మంద కాసే ఎల్లప్పన్, సెవని ఒకరినొకరు ఇష్టపడతారు. వాళ్లు ఏమరుపాటుగా ఉన్నప్పుడు జీవాలు చేలో పడి మేస్తాయి. చేను మేసిన సంగతి మీద విచారణ పట్టుదలగా జరుగుతుంది. ఎల్లప్పన్ పెళ్లి మరొకరితో జరిగిపోతే, సెవనికి కలిగిన నష్టాన్ని విచారించేవారు లేరు. పైరుకు ఉన్న పంచాయతీ మనసుకు లేదు. కులం గట్టు దగ్గర చెలిమి ఆగిపోవటాన్ని రచయిత ఒక్క నినాదమైనా లేకుండా చూపించారు.

'కదవు' (తలుపు) కథ ఇంకా చిన్నది. లక్ష్మి, శ్రీనివాసన్ అనే పేద రైతు పిల్లలు ఇంటి తలుపునే బస్సు చేసి, ఇరుగు పొరుగు పిల్లలను ఎక్కించుకుని ఆడుకుంటారు. శిస్తు బాకీకింద ఆ తలుపును ఊడదీసుకుపోతారు. ఎప్పటికో చావడి దగ్గర చెదలుపట్టి కనిపించిన తలుపును పిల్లలు గట్టిగా పట్టుకుంటారు. ఊళ్లో అంతమంది ఉండగా ఆ తలుపు ఎలా పోయింది? కథ ఆ ప్రశ్నను మనకే వదిలేస్తుంది.

కి.రా. సొంత జీవితంలోని చెలిమి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. కు. అళగిరిసామి కూడా 1923లో అదే ఇడైసేవల్‌లో పుట్టారు. ఆయన పత్రికల పని మీద ఊరు దాటారు, కి.రా. పొలం దగ్గర ఉండిపోయారు. ఇద్దరినీ ఉత్తరాలు కలిపి ఉంచాయి. 1970లో అళగిరిసామి పోయేదాకా ఆ స్నేహం నిలిచింది. అంత చిన్న ఊరినుంచి ఇద్దరు అకాడమీ బహుమతి రచయితలు రావటం ఊరికే జరగలేదు.

ఇంత గొప్పవాడు తెలుగులో రాయలేదే అని మనలో కొందరు నొచ్చుకుంటారు. నాకు ఆ బాధ లేదు. పక్కచేలో కలుపు తీసినవాడి భాష నోటికి రాకుండా ఎలా ఉంటుంది? తమిళం తనకు ఇచ్చినదానికి బదులుగా కి.రా. తెలుగువాళ్ల జ్ఞాపకాన్ని తమిళానికి ఇచ్చారు. ఆయన ముయ్యి ఆయన తీర్చుకున్నారు.

మరి మన సంగతి? ఎల్లల అవతల ఉన్న మనం తెలుగులో రాస్తున్నదంతా పోయిన ఊరి మీద, పోతున్న భాష మీద. మనతోపాటు బావి తవ్విన తమిళుడు, నాట్లకు వచ్చిన ఒడియా ఆడకూతురు, ఎద్దులు ఎరువిచ్చిన కన్నడిగుడు, జొన్నరొట్టె పంచుకున్న మరాఠీ పొరుగువాడు మన కథల్లో ఎంతమంది ఉన్నారు? మా నాన్నకు దుక్కి నేర్పిన తమిళ పెద్దాయన గురించి నేనే ఇంతవరకు ఒక పేజీ రాయలేదు. కి.రా. పుస్తకం మూసినప్పుడల్లా ఆ బాకీ గుర్తుకొస్తుంది.