అద్దెకిచ్చే మండువా లోగిలి

అమలాపురం, కొత్తపేట, రాజోలు చుట్టుపక్కల పాత మండువా లోగిళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి. వాటి వారసుల్లో చాలామంది హైదరాబాదులోనో, గల్ఫులోనో, అమెరికాలోనో ఉంటున్నారు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కొత్త కోనసీమ జిల్లాకు కేంద్రమైంది, దానితో పాటే ఉద్యోగులూ వచ్చారు. అలాంటి ఇంటిని అద్దెకివ్వదలచినవారు అద్దె ఎంతో తేల్చే ముందు దాని కట్టుబడిని శ్రద్ధగా చూడాలి. ఎక్కడ పాడవుతుందో ఊహించి, అక్కడ బాగుచేసుకునే వీలు కూడా ఇంట్లోనే పెట్టి కట్టారు పాతవాళ్లు.

కప్పు సంగతే చూడండి. గూనపెంకుల్లో కింది వరుస వెల్లకిలా పడుకుంటుంది, పై వరుస దాని సందుల మీద బోర్లా కూర్చుంటుంది. వాన వెల్లకిలా ఉన్న పెంకుల్లోంచి కాలువలా జారిపోతుంది. మేకుల్లేవు. పెంకును పెంకు బరువే పట్టి ఉంచుతుంది. అందుకే నేత చూరు నుంచి మొదలై కొప్పు దాకా పోతుంది, కొప్పు మీద మాత్రం సున్నం పట్టిస్తారు. కోతి గెంతినా, కొబ్బరికాయ రాలినా ఆ పెంకు ఒక్కటే పగులుతుంది. దాన్ని తీసి ఇంకొకటి దూర్చడానికి పక్కవాటిని కదపక్కర్లేదు. కానీ జరిగిన పెంకును ఒక వానాకాలం అలాగే వదిలేస్తే తడి పెండె బద్దకు, దాన్నుంచి వాసానికి పాకుతుంది. వాసం పుచ్చాక ఖర్చు పెంకుల లెక్కలో ఉండదు, కలప లెక్కలోకి పోతుంది.

ఈ ఇంట్లో అన్నిటికన్నా సున్నితమైన చోటు, రెండు వాలులు లోపలికి కలిసే మూల. రెండు కప్పుల నీళ్లూ అక్కడే చేరతాయి. ఆ మూలన వేసిన రేకు కాలువ తుప్పు పట్టిందా, ఆకులతో పూడిందా అని ముందు చూడాలి. అక్కడి నుంచి నీళ్లు ఇంటి నడుమ కప్పు లేని మండువాలో పడతాయి. మండువా నేల చుట్టూ ఉన్న వసారా కన్నా పల్లంగా, తూము వైపు వాలుగా ఉంటుంది. వసారా స్తంభాల కలపకు తడి తగలకుండా అడుగున రాతి దిమ్మలుంటాయి. తూము మూసుకుపోయిన రోజున ఈ నేర్పంతా వృథా. ఖాళీగా పడి ఉన్న ఇంట్లో తూమును ఎవరూ చూడరు. రోజూ మండువా ఊడ్చే కాపురం ఉంటే అది దానంతటదే శుభ్రంగా ఉంటుంది. అందుకే పాత ఇంటికి అద్దె కన్నా ముందు కావలసింది మనుషులు.

గోడల విషయంలో ఒక్క మాట. కోనసీమలో నేల కింద నీళ్లు పైపైనే ఉంటాయి. సున్నపు పూత ఆ చెమ్మను పీల్చి గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి గోడ ఉబ్బుతుంది.

1996 నవంబరు 6 తుఫానుకు ఇక్కడ లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు కూలాయి. ఇంటి మీదికి వాలిన చెట్లకు అక్టోబరుకు ముందే దింపు చేయించి, ఎండిన మట్టలు కొట్టించడం తప్పనిసరి. పాత వైరింగు కలప కప్పు కింద ఉంటుంది కాబట్టి దాన్ని పూర్తిగా మార్చాకే అద్దెకివ్వాలి.

అద్దె ఒప్పందాలకు సంబంధించిన చట్టంలోనూ ఇలాంటి ముందుచూపే కనిపిస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను, వేరే ఒప్పందం లేనప్పుడు, సహజమైన అరుగుదలను అద్దెదారు మీద వేయదు. యజమాని చేయాల్సిన మరమ్మతు నోటీసు ఇచ్చినా చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. గాలివానకో వరదకో ఇల్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దె ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కూ అతనికి ఉంది. దూరాన ఉన్న యజమానికి మరమ్మతు ఖర్చును అద్దెలో మినహాయించే వెసులుబాటు నిజంగా వరం. పెంకు జరిగిన రోజే దగ్గరున్నవాళ్లు సర్దించగలరు. ఎంత ఖర్చు దాకా అడగకుండా చేయించవచ్చో కాగితంలో రాసుకుంటే గొడవలుండవు. ఇంటికి బీమా కూడా అవసరమే: 2021లో వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను, వరద నష్టంతో పాటు, ఇల్లు ఉండడానికి వీల్లేని రోజుల అద్దె నష్టం కూడా ఉంది.

పెంకు నేసే పనివాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. మీకో లోగిలి ఉంటే ఒక నెల అద్దె పక్కన పెట్టి, మృగశిర కార్తెకు ముందే వాళ్లను పిలిపించండి, వాళ్లడిగిన కూలి ఇవ్వండి.