ఓటు, కారణం, ధర్మం: తొలగింపు ఓటున్న టెలివిజన్ ప్రశ్నోత్తర క్రీడ – ఎఱ్ఱన యక్షప్రశ్నల వెలుగులో ఒక పరిశీలన

ప్రవేశిక

ప్రశ్న వేసి జవాబు రాబట్టడం తెలుగు వాఙ్మయానికి కొత్త కాదు. పొడుపుకథ, సమస్యాపూరణం, అవధానసభలో పృచ్ఛకుల ప్రశ్నలు, ఇతిహాసంలోని యక్షప్రశ్నలు రూపంలో వేరువేరైనా అన్నింటా జవాబు చెప్పినవాని ప్రజ్ఞే పరీక్షకు నిలుస్తుంది. టెలివిజన్ ఈ సంప్రదాయాన్ని తనదైన పద్ధతిలో కొనసాగించింది. 2000లో హిందీలో మొదలైన 'కౌన్ బనేగా కరోడ్‌పతి', 2014లో తెలుగులో వచ్చిన 'మీలో ఎవరు కోటీశ్వరుడు' ఏకవ్యక్తి పరీక్షలు. వాటికి భిన్నంగా, జట్టుగా ఆడుతూనే జట్టులోనివారిని ఓటుతో తొలగించే క్రీడ మరొకటి ఉంది. 2000 ఆగస్టు 14న బీబీసీలో ఆన్ రాబిన్సన్ నిర్వహణలో ప్రారంభమైన 'ది వీకెస్ట్ లింక్' దానికి మాతృక. 2001లో స్టార్ ప్లస్‌లో నీనా గుప్తా నిర్వహించిన 'కమ్‌జోర్ కడీ కౌన్' దాని భారతీయ రూపం. ఈ క్రీడానిర్మాణాన్ని విశ్లేషించి, అందులో 'కారణం' అనే అంశానికి గల స్థానాన్ని ఎఱ్ఱన అరణ్యపర్వశేషంలోని యక్షప్రశ్నల ఘట్టంతో పోల్చి చూడటం ఈ వ్యాసం లక్ష్యం.

క్రీడానిర్మాణం

మాతృకలోని పగటి ప్రసార రూపాన్ని ప్రమాణంగా తీసుకుంటే, తొమ్మిదిమంది అపరిచితులు అర్ధవలయంగా నిలబడతారు. తొలి ఆవృత్తికి మూడు నిమిషాల గడువు. తరువాతి ఆవృత్తుల్లో అది పదేసి సెకన్లు తగ్గుతూ పోతుంది. వరుసగా వచ్చే సరైన జవాబులు ఒక గొలుసుగా ఏర్పడి సొమ్మును 20 పౌండ్ల నుంచి మెట్టుమెట్టుగా 1,000 పౌండ్లకు చేరుస్తాయి. ఒక్క జవాబు తప్పితే గొలుసు తెగి, అప్పటిదాకా పేరిన సొమ్ము పోతుంది. తనను ప్రశ్న అడగకముందే 'బ్యాంక్' అని పలికిన ఆటగాడు ఆ సొమ్మును భద్రపరచవచ్చు. అయితే గొలుసు మళ్లీ మొదటి మెట్టు నుంచే ప్రారంభం కావాలి. ప్రతి జవాబుకూ భద్రపరుస్తూ పోతే తొమ్మిది సరైన జవాబులకు దక్కేది 180 పౌండ్లే. భద్రపరచకుండా తొమ్మిదీ సాధిస్తే 1,000 పౌండ్లు. అంటే ఈ ఆటలో ప్రతి ఆటగాడూ తన జ్ఞానంతో పాటు పక్కవాని జ్ఞానాన్ని కూడా అంచనా వేయవలసి ఉంటుంది. ఇంతవరకు ఇది సహకారక్రీడ.

ఆవృత్తి ముగియగానే స్వభావం మారుతుంది. ప్రతివారూ ఒక పలకపై తాము బలహీనుడని భావించినవారి పేరు రాస్తారు. ఎక్కువమంది రాసిన పేరుగలవారు నిష్క్రమిస్తారు. ఓట్లు సమానమైతే ఆ ఆవృత్తిలో గణాంకాల ప్రకారం బలవంతుడిగా తేలినవారి నిర్ణయం చెల్లుతుంది. చివరకు మిగిలిన ఇద్దరూ ఐదేసి ప్రశ్నల ద్వంద్వంలో తలపడతారు. గెలిచినవారికి మొత్తం సొమ్ము చెందుతుంది, తక్కిన ఎనిమిదిమందికీ ఏమీ మిగలదు. ఆర్జన సామూహికం, అనుభవం ఏకవ్యక్తికి. క్రీడలోని ఘర్షణ అంతా ఈ వైరుధ్యం నుంచే పుడుతుంది.

ఓటు తర్కం

తొలి ఆవృత్తుల్లో తప్పులు చేసినవారిని తొలగించడం అందరికీ లాభం. ఆటగాళ్ల సంఖ్య తగ్గేకొద్దీ ఈ లెక్క తలకిందులవుతుంది. ముగ్గురే మిగిలినప్పుడు, ఎక్కువ తెలిసినవాడు అంతిమ ద్వంద్వంలో ప్రమాదకరుడు. కనుక అతనినే 'బలహీనుడు' అని రాయడం తక్కిన ఇద్దరికీ ప్రయోజనకరం. సొమ్ము కూడబెట్టిన ప్రజ్ఞే తొలగింపుకు హేతువవుతుంది. ఆట పేరు బలహీనతను సూచిస్తుంది, ఆట నియమం మాత్రం దానిని నిర్వచించదు. ఓటు ఎవరి మీద పడితే వారే బలహీనులు.

ప్రేక్షకుని స్థానం కూడా గమనార్హం. ఎవరు ఎన్ని సరైన జవాబులు చెప్పారో నేపథ్యస్వరం ప్రేక్షకునికి చెబుతుంది, ఆటగాళ్లకు చెప్పదు. నాటకంలో పాత్రకు తెలియనిది సామాజికునికి తెలిసినప్పుడు కలిగే ఉత్కంఠ ఇక్కడ గణాంకాల ద్వారా సిద్ధిస్తుంది. పేర్లు బయటపడ్డాక నిర్వాహకురాలు 'ఆ పేరే ఎందుకు రాశారు?' అని అడుగుతుంది. జవాబు తడబాటుగా ఉండవచ్చు, అసత్యమూ కావచ్చు. దానివల్ల ఫలితం మాత్రం మారదు. ఓటు అప్పటికే పడింది. కారణం వినోదానికి మాత్రమే పనికివస్తుంది.

యక్షప్రశ్నలతో తులన

నన్నయ విడిచిన అరణ్యపర్వాన్ని పూరించిన ఎఱ్ఱన అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. ఆయన పూరించిన భాగంలోని యక్షప్రశ్నల ఘట్టానికి, పై క్రీడకూ నిర్మాణసామ్యం స్పష్టం. ఐదుగురి బృందం, వరుస ప్రశ్నలు, ఒక్కొక్కరుగా పడిపోవడం, చివరకు పేరు చెప్పే ఎంపిక, ఆ ఎంపికకు కారణం అడగడం – ఇవన్నీ రెండింటా ఉన్నాయి. నలుగురు తమ్ముళ్లు కొలను గట్టున పడి ఉండగా ధర్మరాజు ప్రశ్నలన్నింటికీ జవాబులిస్తాడు. సంతసించిన యక్షుడు ఒక్కరిని మాత్రమే బ్రతికించగలనంటాడు. ధర్మరాజు నకులుని పేరు చెబుతాడు.

భీమార్జునులుండగా నకులుడేల అన్నది యక్షుని ప్రశ్న. రాబోయే యుద్ధం దృష్ట్యా బలవంతుని కోరుకోవడమే లాభం. కుంతికి తానొక్కడు మిగిలి ఉండగా మాద్రికీ ఒక కొడుకు మిగలాలన్నది ధర్మరాజు సమాధానం. టెలివిజన్ క్రీడలోని చివరి ఆటగాడు తన లాభం కోసం బలవంతుని తొలగిస్తాడు. ధర్మరాజు తన నష్టానికి వెరవక బలవంతులను వదులుకుంటాడు. రెండింటా బలవంతుడు మిగలడు, కాని హేతువులు పరస్పరవిరుద్ధం. అంతకంటె ముఖ్యమైన భేదం కారణానికి లభించిన ఫలంలో ఉంది. ధర్మరాజు చెప్పిన కారణం విన్నాక యక్షుడు తన నిబంధనను తానే దాటి నలుగురినీ బ్రతికిస్తాడు. ఆ కారణమే అసలైన చివరి జవాబు. కావ్యంలో కారణం తీర్పును మార్చింది. క్రీడలో తీర్పు తరువాత కారణం అలంకారంగా మిగిలింది.

పలక, చెరువు: ప్రాంతీయ సాక్ష్యం

ఎఱ్ఱన నివసించిన అద్దంకి మీదుగా పారే గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి వస్తుంది. ఈ క్రీడలోని రెండు ప్రధాన చిహ్నాలైన పలకకు, లంకెకు ఆ ప్రాంతపు జీవితంలో వేరే అర్థాలున్నాయి. మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. అక్కడి రాతిపలక మీద దిద్దిన అక్షరం తప్పయితే తుడిచి మళ్లీ దిద్దిస్తారు. తుడుపు అక్కడ నేర్చుకోవడంలో భాగం. క్రీడలోని పలక మీద రాసిన పేరుకు రెండో అవకాశం లేదు. తప్పు చేసినవానినే తుడిచివేయడం దాని పద్ధతి.

లంకె విషయమూ అంతే. విజయనగరకాలపు కంభం చెరువు కట్టలో ఒక చోటు బలహీనపడితే నీరంతా పోయే ప్రమాదం ఉంది. గొలుసు తెగితే సొమ్మంతా పోవడం ఇటువంటిదే. కాని ఆయకట్టు రైతులు బలహీనమైన చోటును కట్ట నుంచి తొలగించరు. తొలగిస్తే అదే గండి. అక్కడ మట్టి పోసి బలపరుస్తారు. క్రీడలో లంకెను తీసివేసి గొలుసును కురచ చేస్తారు. బలహీనతకు తొలగింపు తప్ప మరో చికిత్సను ఊహించలేకపోవడం ఈ క్రీడ నియమాల పరిమితి.

ముగింపు

వినోదక్రీడను ధర్మగ్రంథంతో తూచడం న్యాయం కాదన్న ఆక్షేపణ ఉండవచ్చు. ఓటువేసే ఆటగాళ్లను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నియమాలు ఎటు నడిపిస్తే ఆటగాళ్లు అటు నడుస్తారు. పరిశీలించవలసింది నియమాన్నే. ఆ నియమం ప్రశ్నకు జవాబు చెప్పగలగడాన్ని సొమ్ముగా లెక్కిస్తుంది, తోటివాని గురించి జవాబు చెప్పవలసి రావడాన్ని లెక్కించదు. 2017లో మొదలైన 'బిగ్ బాస్' తెలుగు రూపంలో ప్రశ్నల పరీక్ష లేదు. అక్కడ సభ్యులు పేర్లు ప్రతిపాదించి కారణాలు చెబుతారు, తుది ఓటు ప్రేక్షకునిది. ప్రేక్షకుని ఓటుకు కారణం అడిగేవారు లేరు. తొలగింపు ఓటున్న టెలివిజన్ క్రీడలను అధ్యయనం చేసేవారు ఎవరు తొలగిపోయారన్నదాని కంటె, తొలగించినవాని కారణానికి ఆ నిర్మాణంలో ఎంత విలువ దక్కిందన్నది ముందుగా గమనించాలి. యక్షుడు నకులుని పేరు వినగానే తృప్తిపడలేదు. ఎందుకని అడిగాడు, విన్నాడు, విన్న తరువాత తన మాట మార్చుకున్నాడు.