ఎండాకాలపు చెరువులో కొర్రమీను వేట

తెలంగాణ చెరువుల్లో ఫాల్గుణం నుంచే నీరు తగ్గుతుంది. చైత్రానికి చేపలు కట్ట వైపు గుంటల్లో, తూము దగ్గర చేరతాయి. రాష్ట్ర చేప కొర్రమీనుకు నీటిలోని ప్రాణవాయువు చాలదు. గాలి పీల్చడానికి పైకి వస్తుంది. అప్పుడు లేచే చిన్న బుడగే జాలరికి గుర్తు.

పొద్దున, సాయంత్రం అది ఒడ్డున తుంగలో, తామరాకుల నడుమ ఎర కోసం తిరుగుతుంది. అందుకే గాలానికి చిరుచేపనో కప్పపిల్లనో గుచ్చి గడ్డి సందుల్లో వదులుతారు. ఎండ ముదిరి చేప లోతుకు దిగితే విసురువల అందుకుంటారు. వల గుండ్రంగా విచ్చుకొని, అంచు గుండ్లన్నీ ఒకేసారి నీటిని తాకాలి. ఒక పక్క ముందు పడితే చేప తప్పుకుంటుంది. మణికట్టు, నడుము, పాదం కలిసి చేసే ఈ పని ఏళ్ల సాధనతోనే అబ్బుతుంది. నీరు అడుగంటాక కొర్రమీను బురదలో దాగుతుంది. చేత్తో తడిమి పట్టడమే చివరి నేర్పు.