చందా డబ్బా వద్దు, దుకాణం పెట్టనివ్వండి

పిల్లల చేత మంచిపని చేయించాలని తోచగానే పెద్దలు ముందు చేసేది ఒక డబ్బాకు కాగితం అంటించి వాళ్ల చేతిలో పెట్టడం. సిగ్నళ్ల దగ్గర, అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఆ డబ్బాలు పట్టుకుని తిరిగే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లు అడిగేది గొప్ప పనికే కావచ్చు. ఆ పూట వాళ్లు నేర్చుకునేది మాత్రం, మొహమాటపెడితే పెద్దవాళ్లు పది రూపాయలు ఇస్తారని. మా కాలనీ పిల్లల బృందం ఏటా జరిపే చిన్న మేళాకు వెనక నిలబడేవాళ్లలో నేనూ ఒకణ్ని గనుక ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

పిల్లలు ఏదో ఒకటి చేసి చూపించి డబ్బు పుచ్చుకోవడం మన దగ్గర కొత్తేం కాదు. వీధిబడుల కాలంలో దసరా వచ్చిందంటే పిల్లలు రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని అయ్యవారి వెంట ఇంటింటికీ బయల్దేరేవారు. గుమ్మం ముందు దసరా పద్యాలు పాడి, పూలూ బుక్కా చల్లేవారు. అయ్యవారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు. అక్కడ ఎవరూ ఊరికే చెయ్యి చాచలేదు. పాట పాడారు, ఇంటిల్లిపాదినీ నవ్వించారు, ఇచ్చింది పుచ్చుకున్నారు.

నేను బళ్లో స్కౌట్‌గా ఉన్నప్పుడు చేసిన ‘ఖరీ కమాయి’లోనూ ఇదే నీతి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పిల్లలు డబ్బు అడగరు, పని అడుగుతారు. సైకిలు తుడిచో, పెరట్లో కలుపు తీసో, బీరువాలో పుస్తకాలు సర్దో ఇంటివాళ్లు ఇచ్చింది తెచ్చుకుంటారు. బ్రిటన్ స్కౌట్లు 1949లో మొదలుపెట్టిన ‘బాబ్ ఎ జాబ్’ వారం కూడా ఇలాంటిదే, షిల్లింగుకో పని. తెలియని ఇళ్లకు పిల్లల్ని ఎలా పంపుతామన్న భయంతో 1990లలో అక్కడ దాన్ని ఆపేశారు. ఆ భయం సబబే. ఇవాళ నేనూ ఏ పిల్లనీ ముక్కూమొహం తెలియని వాళ్ల గుమ్మంలోకి పంపను. అందుకే పిల్లలు ఇల్లిల్లూ తిరిగే బదులు, జనమే పిల్లల దగ్గరికి వచ్చేలా మేళా పెట్టడం మేలు.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం సాయంత్రం పార్కులో బల్లలు వేస్తారు. మరమరాల మిక్చర్, మసాలా మజ్జిగ, నిమ్మకాయ సోడా, పాత కథల పుస్తకాలు, డబ్బాల దొంతరను బంతితో పడగొట్టే ఆట. బజ్జీల మూకుడు దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఉంటారు. మిగతా అన్నిచోట్లా పెద్దవాళ్లు బల్లకు ఇవతలే, కొనేవాళ్లుగానే ఉండాలి. లక్కీడిప్ నాకు నచ్చదు. అదృష్టం మీద డబ్బు పెట్టించడం తప్ప అందులో పిల్లలు చేసే పనేమీ లేదు.

కిందటేడు ఎవరికోసం సంపాదించాలన్నది పిల్లలే కూర్చుని తేల్చుకున్నారు. ఊరి చివర అంధుల పాఠశాల ఉంది, అక్కడి పిల్లలకు క్రికెట్ బంతులు కొనివ్వాలని. అంధుల క్రికెట్‌లో భారత జట్టుకు సారథ్యం వహించి అర్జున అవార్డు అందుకున్న అజయ్ కుమార్ రెడ్డి మన ఆంధ్రప్రదేశ్ వాడేనని వాళ్లలో ఒకడికి తెలుసు. ఆ ఆటకు మామూలు బంతి పనికిరాదు. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన తెల్ల బంతి కావాలి. లోపల ఇనుప గుళ్లుంటాయి, దొర్లుతుంటే గలగలమంటుంది. బౌలర్ ముందు ‘రెడీ?’ అని అడుగుతాడు. బ్యాటర్ సరే అన్నాక ‘ప్లే’ అని చెప్పి, చెయ్యి కిందనుంచి ఊపి బంతి వదులుతాడు.

ఆ ఆటనే మేళాలో పెట్టారు. బౌలింగుకు ఆ పాఠశాల పిల్లల్నే పిలిచారు. కళ్లకు గంతలు కట్టుకుంటే ఇరవై రూపాయలకు మూడు బంతులు. సినిమా పాటల హోరులో బంతి చప్పుడు వినపడదు గనుక మైకు ఆపించేశారు. వయసులో ఉండగా క్లబ్బు క్రికెట్ ఆడిన పెద్దమనుషులు కూడా వరసబెట్టి అవుటయ్యారు. ‘అంకుల్, బంతి వెళ్లిపోయాక కొడుతున్నారు. చప్పుడు దగ్గరికొస్తుంటేనే మోకాలు వంచి బ్యాటు అడ్డంగా పెట్టండి’ అని బౌలింగ్ చేస్తున్న కుర్రాడు వాళ్లలో ఒకాయనకు నేర్పాడు. ఆయన మళ్లీ ఇరవై ఇచ్చి వంగాడు. ఈసారి బ్యాటుకు తగిలింది. పార్కంతా ఒకటే చప్పట్లు. ఆ సాయంత్రం అన్ని బల్లలకన్నా ఎక్కువ డబ్బు ఆ ఆటకే వచ్చింది. సాయం అందుకునే పిల్లల్ని వరసలో నిలబెట్టి, చేతికి పొట్లం ఇచ్చి ఫొటో తీసే కార్యక్రమాలు చాలా చూశాను. ఇక్కడ వాళ్ల బంతుల్ని వాళ్లే సంపాదించుకున్నారు, మా వాళ్లకు ఆట నేర్పి మరీ.

నా దృష్టిలో మేళా అసలు పని మర్నాడు మొదలవుతుంది. డబ్బు ఒకే కౌంటర్లో ఉండాలి. అక్కడ పది రూపాయల కూపన్లు కొనుక్కుని బల్లల దగ్గర ఇవ్వాలి. ఫోన్‌పేలో వచ్చినదంతా ఒకే ఖాతాలో పడాలి, రాత్రికల్లా నోటుపుస్తకంలోకి ఎక్కాలి. మరమరాలూ ఉల్లిపాయలూ ఇంట్లోవే కదా అని తల్లులు ఖర్చు చెప్పరు. ఇంట్లోదైనా ఖర్చు ఖర్చే. అది రాసి, ఆ ఇంటి విరాళంగా వేరే గీత కింద చూపించాలని పట్టుబడతాను. పెట్టుబడి తీసేశాక మిగిలేదెంతో చూస్తేనే పిల్లలకు తమ కష్టం విలువ తెలుస్తుంది.

తర్వాతి ఆదివారం ఆ లెక్క అందరి ముందూ చదువుతారు. కిందటేడు ఎనిమిదో తరగతి అమ్మాయి చదువుతుంటే ఒక పెద్దాయన నలభై రూపాయల తేడా పట్టుకున్నారు. ఆ పిల్ల చిన్నబుచ్చుకోలేదు. వాడిన కూపన్ల సంచీ తెప్పించి బల్ల మీద కుమ్మరించి, పదేసి చొప్పున పేర్చుకుంటూ వెళ్లింది. మజ్జిగ తడికి అతుక్కుపోయి ఒకటిగా లెక్కలోకి వచ్చిన అయిదు కూపన్లను గోటితో విడదీసి చూపించింది. పెద్దాయన లేచి ఆమె తల నిమిరి కూర్చున్నారు. మర్నాటికి ఆ కాగితం నోటీసు బోర్డు ఎక్కింది.

ఈ సెలవుల్లో మీ వీధిలోనూ పిల్లలు ఇలాంటిది పెడితే తప్పకుండా వెళ్లండి. వంద నోటిచ్చి అరవై రూపాయల కూపన్లు కొన్నప్పుడు ‘మిగతాది ఉంచుకోమ్మా’ అని వెళ్లిపోకండి. ఆ పిల్ల నలభై రూపాయలూ లెక్కపెట్టి మీ చేతిలో పెట్టేదాకా ఆగండి. వెనక వరస పెరిగినా సరే, తొందరపెట్టకండి.